పథ్యం లేని పొడి

"ఎలకలకి పెట్టింది నాకెందుకు పెట్టవే?"

నాగదుర్గని ఈ మాట అడిగింది ఆమె అన్న అబ్బులు. అన్నం తింటూ, కంచంలోంచి తల ఎత్తకుండా అడిగాడు. పురుగుమందు పట్టించిన తెల్ల ఎలుకలకి మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఇస్తే వాటి కాలేయం అంతగా పాడవలేదని ఆమె అప్పుడే చెప్పడం పూర్తిచేసింది. చెల్లెలు రాజమండ్రిలో ఇన్నేళ్లుగా ఏం చదువుతోందో అతనికి మొదటిసారి అర్థమైంది. అర్థమైన వెంటనే అడగాల్సింది అడిగాడు. అబ్బులు వరిచేలకి పురుగుమందు కొట్టి బతికే మనిషి.

"అది లివరు సంగతి అన్నయ్యా. ఈ మందు మనిషిని పడగొట్టేది నరాల మీద. నరాల దగ్గర ఆ పొడి ఏమీ చెయ్యలేదు."

"లివరు బాగుంటే మనిషి బాగున్నట్టు కాదా?"

"కాదు."

"మరి ఇన్నాళ్లూ ఆ ఎలకల్ని ఎందుకు చంపావు?"

మన విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధనల్లో చాలావాటికి ఈ ప్రశ్న వేస్తే జవాబు ఉండదు. సొంత అన్నలు కంచం ముందు కూర్చుని అడగరు కనక బండి నడిచిపోతోంది.

వీళ్ల ఊరు మొగల్తూరు అవతల, కాలవ శివారున. అందరి చేలూ తడిశాక నీళ్లొచ్చే ఊరు. సగం భూమి రొయ్యల చెరువులైపోయింది, మిగతా సగంలో వరి. తండ్రి పోయేనాటికి అబ్బులు పదో తరగతిలో ఉన్నాడు, నాగదుర్గ ఇంకా పలకా బలపం వయసులో ఉంది. అతను బడి మానేసి భుజానికి మందు కొట్టే చేతిపంపు తగిలించుకున్నాడు. కొన్నాళ్లకి ఇంజనుతో నడిచే తైవాన్ స్ప్రేయరు కొన్నాడు. ఆ సంపాదనతోనే చెల్లెల్ని నరసాపురంలో డిగ్రీ, ఆపైన ఎమ్మెస్సీ చదివించాడు. ఇలాంటి చోట త్యాగం అని రాసేసే అలవాటు మనకి ఉంది. అబ్బులు ఆ మాట ఒప్పుకోడు. "ఇద్దరం ట్యాంకు మోస్తే ఇద్దరం పోతాం. ఒకళ్లన్నా నీడపట్టున ఉంటే రెండోవాళ్లకి గంజి పోస్తారు" అంటాడు. ఆ లెక్కలో తప్పేం లేదు.

అన్న బాధ చూడలేకే ఆమె ఈ అంశం ఎంచుకుందని కూడా అనుకోనక్కర్లేదు. ఆమె గైడు ప్రొఫెసర్ క్రిస్టినా గారి దగ్గర ఆ ఏడాది ఖాళీగా ఉన్న అంశం అదొక్కటే. క్లోరిపైరిఫాస్ అన్న పేరు చూసి నాగదుర్గ నవ్వుకుంది. ఇంట్లో చూరు కింద వేలాడే డబ్బా మీది పేరే అది. ప్రయోగశాలలో సీసా మూత తీసిన మొదటిరోజు మాత్రం నవ్వు రాలేదు. అన్న చొక్కా వాసన వచ్చింది.

పని ఇలా ఉండేది. ఎలుకల్ని నాలుగు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి వట్టి నూనె, ఒకదానికి నూనెలో కలిపిన పురుగుమందు, ఒకదానికి పురుగుమందుతో పాటు మెథియోనిన్, చివరిదానికి మెథియోనిన్ ఒక్కటే. ఎలుక మెడ వెనక చర్మం రెండు వేళ్లతో పట్టుకుని, మొద్దుగా ఉండే సూదిని నోట్లోంచి పొట్టలోకి దించి మందు పోయాలి. సూది కొంచెం పక్కకి పోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఎలుక అక్కడికక్కడే పోతుంది. నెల గడిచాక అన్నిటినీ చంపి, కాలేయమూ మెదడూ తీసి, మంచులో పెట్టి నూరతారు. మెథియోనిన్ ఇచ్చిన గుంపులో కాలేయం చూడగానే తెలిసింది. పురుగుమందు ఒక్కటే తిన్నవాటి కాలేయం మచ్చలు పడి మెత్తబడితే, వీటిది గట్టిగా, ముదురు రంగులో నిలబడింది. క్రిస్టినా గారు చప్పట్లు కొట్టినంత పనిచేశారు.

మెదడు దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. నరాల మధ్య సంకేతాల్ని ఎప్పటికప్పుడు ఆపే ఒక ఎంజైము ఉంటుంది. పురుగుమందు దాన్ని పట్టేసుకుంటుంది. అది లేకపోతే కండరాలు ఆగకుండా కొట్టుకుంటాయి, చివరికి ఊపిరి తీసే కండరం చేతులెత్తేస్తుంది. ఆ ఎంజైము బాగుంటే పరీక్షనాళికలో ద్రవం పసుపురంగుకి తిరుగుతుంది. వట్టి నూనె తాగిన ఎలుకలవి చిక్కటి పసుపు. పురుగుమందు తాగినవి తెల్లగా వెలవెలబోయాయి. మెథియోనిన్ కూడా తాగినవి? అవీ అంతే. నాగదుర్గ మళ్లీ చేసింది, ద్రావణాలు మార్చి మళ్లీ చేసింది. నాళికలు తెల్లగానే ఉన్నాయి.

ఆమె రెండు సంగతులూ థీసిస్‌లో రాసింది. యూనివర్సిటీ తరఫున పత్రికలవాళ్లకి పంపే ప్రకటన తయారుచేసినాయన మాత్రం, "మనకి పాజిటివ్‌గా ఉన్నది ఒక్కటి చెప్పండి మేడమ్, చాలు" అన్నాడు. జిల్లా ఎడిషన్‌లో ఆమె ఫొటో వేసి, పురుగుమందు విషానికి విరుగుడు కనిపెట్టిన మన ఆడపడుచు అని పెద్దక్షరాల్లో అచ్చువేశారు. మెదడు సంగతి లేదు. ఎలుకల సంగతి ఆఖరి వాక్యంలో ఉంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ శివారు ఊళ్లలో మందు కొట్టేవాళ్లకి ఒక ఆనవాయితీ ఉండేది. ఎండ ముదిరే వేళకి రైతు ఇంటినుంచి పాలు రావాలి. పాలు విషాన్ని విరుస్తాయని నమ్మకం. పాలు వచ్చాయంటే పని ఆగినట్టే. ట్యాంకు గట్టు మీదికి దించి, బోదె కాలవలో కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కుని, చొక్కా మార్చుకుని పాలు తాగుతారు. తాగాక ఆ రోజుకి మళ్లీ మందు ముట్టరు. ముడితే కడుపులో పాలు విరిగి విషమవుతాయంటారు.

పాలల్లో ఏమీ లేదు. మన పెద్దలకి అన్నీ ముందే తెలుసని మురిసిపోయేవాళ్లు ఇక్కడ ఉత్సాహపడనక్కర్లేదు. అబ్బులు తాత కాలంలో ఈ మందులే లేవు. నమ్మకం తప్పు. ఆ తప్పు నమ్మకం చుట్టూ అల్లుకున్న పనిపద్ధతి మాత్రం మనుషుల్ని కాపాడింది. మందు ఒంటి మీద ఎండకముందే కడుక్కోవడం, చెమట కారే మధ్యాహ్నం చేలో లేకపోవడం, ఈ రెండే. పాలు, పని ఆపమని వట్టి గంట కొట్టినట్టు.

మొగల్తూరు సెంటర్లో గణేష్‌బాబుకి ఆక్వా షాపు ఉంది. రొయ్యల మేతలో, కోళ్ల దాణాలో కలిపే పొడులన్నీ అమ్ముతాడు. మెథియోనిన్ అతని గోడౌన్‌లో బస్తాల్లో ఉంది. పేపర్లో ఆ పేరు చూసిన సాయంత్రమే అతను దాన్ని చిన్న ప్యాకెట్లు కట్టించాడు. నాగదుర్గ ఫొటో ఉన్న వార్తని ప్లాస్టిక్ అతికించి కౌంటరు ముందు వేలాడదీశాడు.

ముందు కొన్నది రైతులు. వాళ్లలో మొదటివారు వెంకటపతిరాజు గారు. అబ్బులు ఎక్కువగా కొట్టేది ఆయన చేలల్లోనే. పాలకంటే ప్యాకెట్టు చవక, పైగా సైన్సు. పొద్దున్నే మజ్జిగలో కలిపి ఇచ్చేస్తే పాలవేళకి పని ఆపాల్సిన అవసరం కూడా లేదు. "విరుగుడు ముందే పడిపోయింది కదరా, ఇంక ఆగడం దేనికి?" అన్నారాయన. కూలి ట్యాంకుల లెక్కన కనక అబ్బులుకీ ఆగాలని లేదు. ఆ పొడి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఘాటుగా ఉంది కాబట్టి పనిచేస్తుందని మనవాళ్ల నమ్మకం.

ఇదంతా నాగదుర్గకి ఆలస్యంగా తెలిసింది. సెలవుకి ఇంటికొచ్చి చూస్తే వదిన సత్యవేణి మజ్జిగ గ్లాసులో పొడి కలుపుతోంది.

"అదేంటి వదినా?"

"నీ మందే. మీ అన్నయ్య కోసం."

నాగదుర్గ గ్లాసు లాక్కుని పెరట్లో పారబోసింది. అబ్బులు కోప్పడలేదు. ఇంకో ప్యాకెట్టు చింపాడు. ఆమె నరాలు, ఎంజైము, పసుపు రంగు, తెలుపు రంగు అన్నీ మళ్లీ చెప్పింది. అతను విన్నాడు.

"సరేనే. నరాలకి పనిచెయ్యదు. లివరుకి పనిచేత్తదా లేదా?"

"చేస్తుంది. ఎలకల్లో."

"ఒకటైనా పనిచేత్తంది కదా. ఊరికే తాగడం కంటే నయం కాదా?"

"అది తాగి నువ్వు మధ్యాహ్నం దాకా కొడుతున్నావు అన్నయ్యా. పాలవేళకి ఆగట్లేదు. కడుక్కోవట్లేదు. అదీ నా బాధ."

"అయితే ఏవంటావు? పీహెచ్‌డీ చేసొచ్చి పాలు తాగమంటావా?"

అతనితో కలిసి పనిచేసే బుల్లియ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "మా అమ్మ ఏమీ చదవకుండానే చెప్పిందండి ఆ మాట" అని నవ్వాడు.

పాలు విరుగుడని ఆమె చెప్పలేదు, ఎందుకంటే కాదు. పొడి వద్దంటే ఎవరూ వినరు, ఎందుకంటే పేపర్లో ఉంది. వారం రోజులు ఊళ్లోనే ఉండి ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ కాదనలేదు. "అలాగేనమ్మా" అన్నారు. మర్నాడు పొద్దున్న గట్ల మీద చింపిన ప్యాకెట్లు.

దారి చూపింది సత్యవేణి, అదీ దారి చూపిద్దామని కాదు. పొయ్యి దగ్గర కూర్చుని యథాలాపంగా అడిగింది. "అన్నీ చెప్పావు గానీ, పత్యం ఏంటో చెప్పలేదేంటి? పత్యం లేని మందు మందేంటి?"

నాగదుర్గ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. పొద్దున్నే గట్టు మీదికి వెళ్లి, అక్కడున్న మనుషులందరికీ వినపడేలా చెప్పింది. "ఈ పొడికి పథ్యం ఉంది. పొడి తాగినవాళ్లు పాలవేళకి పని ఆపాలి. సబ్బు పెట్టి స్నానం చెయ్యాలి. కొట్టిన బట్టలు విప్పి వేరే బట్టలు కట్టుకోవాలి. ఆ రోజు మళ్లీ మందు ముట్టుకుంటే పొడే విషమైపోతుంది."

నిజం ఎన్నాళ్లు చెప్పినా జరగనిది ఈ ఒక్క అబద్ధంతో అప్పటికప్పుడే జరిగింది. బుల్లియ్య నవ్వలేదు. అబ్బులు, "ఈ మాట ముందే చెప్పొచ్చు కదే" అన్నాడు. పాలవేళకి ట్యాంకులు దిగిపోయాయి. కాలవలో సబ్బు నురగ. వాళ్లంతట వాళ్లే వంకాయ మానేశారు, ఎండుచేప మానేశారు. ఒకాయన పొడి తాగిన రోజు గడ్డం గీసుకోకూడదని కూడా కనిపెట్టాడు. ఆమె ఏదీ కాదనలేదు. శాస్త్రం చదివిన మనిషి, గట్టు మీద నిలబడి మూఢనమ్మకాన్ని పెంచి పోషించింది. మందు కొట్టొచ్చిన రోజుల్లో అన్న వేళ్లు వణికేవి, అది తగ్గింది. ఆమె రాజమండ్రి వెళ్లిపోయింది.

రైతులకి మాత్రం కష్టమొచ్చింది. సగం రోజుకే పని ఆగిపోతే పొడి కొన్నది ఎందుకు? రాజుగారు షాపుకెళ్లి గణేష్‌బాబుని అడిగారు. గణేష్‌బాబు తెలివైనవాడు. కొత్త ప్యాకెట్ల మీద పెద్దక్షరాలతో పథ్యం లేదు అని అచ్చువేయించాడు. నాగదుర్గ మళ్లీ ఊరికి వచ్చినప్పుడు షాపుకెళ్లి అడిగింది. కౌంటరు ముందు జనం ఉన్నారు, అబ్బులూ బుల్లియ్యా కూడా.

"ఇలా ఎలా రాస్తావు గణేష్‌బాబూ? పథ్యం ఉందని చెప్పాను కదా."

"నువ్వు చెప్పావమ్మా. పేపర్లో లేదు కదా." వేలాడుతున్న వార్త వైపు చూపించాడు. గొంతు పెంచలేదు. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నీ ఎలకలకి పాలవేళకి సబ్బెట్టి స్నానం చేయించావా?"

జనం నవ్వారు. బుల్లియ్య అందరికంటే ఎక్కువ నవ్వాడు. నాగదుర్గ అన్న వైపు చూసింది. అతను నవ్వట్లేదు, జవాబు కోసం చూస్తున్నాడు. అవును అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట ఆమె నోట రాలేదు. గట్టు మీద అబద్ధం చెప్పగలిగిన మనిషి, ఎలుకల గురించి చెప్పలేకపోయింది. ఆమెకి నికరంగా తెలిసింది ఆ ఎలుకల సంగతి ఒక్కటే కదా.

"ఎలకలు చేలో దిగలేదు" అంది.

"మరదేనమ్మా నేననేది" అన్నాడు గణేష్‌బాబు. "దిగనివాటికి పనిచేసింది, దిగేవాళ్లకి ఇంకా బాగా పనిచేత్తది. నీ పేరు చెప్పుకుని అమ్ముకుంటన్నాను, నీకు చెడ్డపేరు తెత్తానా?"

ఇంటికొచ్చే దారిలో అబ్బులు బండి నడుపుతూ అన్నాడు. "పత్యం నువ్వే పుట్టించావా?"

"అవును."

"నా కోసమా?"

"అవును."

అతను బండి వేగం తగ్గించాడు. తర్వాత, "ఇంకెప్పుడూ నాతో అబద్ధం చెప్పకు దుర్గా" అన్నాడు. "నువ్వు చెప్పింది ఏది నమ్మాలో తెలీకుండా పోద్ది." నరాల మాట కూడా అప్పటినుంచి అబద్ధాల్లో కలిసిపోయింది.

ఆ సార్వాలో, వానాకాలపు పంటలో, సుడిదోమ అనే పురుగు విరుచుకుపడింది. పొట్టదశ దాటిన చేలు సుడులు సుడులుగా ఎండిపోతుంటే రైతుల నిద్ర పోయింది. చేను ఒక్కరోజులో పోతుంది కనక అందరికీ ఒకేరోజు మనుషులు కావాలి. రాజుగారి చేలో అబ్బులు తెల్లారకముందే దిగాడు. పొడి పొద్దున్నే తాగాడు. పాలవేళ దాటింది. మధ్యాహ్నం దాటింది. మొలలోతు తడిసిన వరిలో, ఎదురుగాలికి, చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉండగా కొడుతూనే ఉన్నాడు. మూతికి కట్టుకున్న తువ్వాలు కూడా మందుతో తడిసింది. సాయంత్రం గట్టెక్కి, "కళ్లు మసకగా ఉన్నాయిరా" అని బుల్లియ్యతో అన్నాడు. బీడీ ముట్టించబోయి కింద పడ్డాడు. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, పిక్కల్లో కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు కదులుతున్నాయి.

రాజుగారు ఆలోచించలేదు. సొంత కారులో, తెల్లటి సీటు కవర్ల మీద పడుకోబెట్టి తనే నడుపుకుంటూ భీమవరం తీసుకెళ్లారు. దాన్ని కాదనడానికి లేదు.

నాగదుర్గ రాజమండ్రి నుంచి దొరికిన రైలెక్కి వచ్చింది. ఎమర్జెన్సీ గదిలో డాక్టరు సత్యవేణిని ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

"ఏం తాగాడమ్మా? దాచకుండా చెప్పు. ఇంట్లో గొడవలా?"

"తాగలేదండి. కొట్టాడండి."

"అందరూ అలాగే అంటారు."

"పొడి తాగాడండి" అంది సత్యవేణి, భయపడిపోయి. "మా ఆడపడుచు మందు."

డాక్టరు చూపు నాగదుర్గ వైపు తిరిగింది. ఆమె మందు పేరు చెప్పింది, ఎంతసేపు కొట్టాడో చెప్పింది, పొడి ఏమిటో చెప్పింది. బట్టలన్నీ విప్పించి సబ్బుతో కడగమంది. అప్పటిదాకా అతని ఒంటి మీద చొక్కా అలాగే ఉంది. నర్సులతో కలిసి ఆమే కడిగింది. అన్న కనుపాపలు ఆవగింజంత అయిపోయి ఉన్నాయి. లైటు వేసినా తీసినా కదల్లేదు. నరానికి విరుగుడు మందు అట్రోపిన్ ఎక్కిస్తుంటే చెమట తగ్గింది, ఊపిరిలో గురగుర తగ్గింది. రక్తపరీక్ష ఫలితం చూడనక్కర్లేకుండానే ఆమెకి తెలుసు. నాళికల్లో తెలుపు కళ్లముందే ఉంది.

మర్నాడు అతను కళ్లు తెరిచి సత్యవేణిని గుర్తుపట్టాడు. అందరూ గండం గడిచిందనుకున్నారు. నాగదుర్గ అనుకోలేదు. ఈ జాతి మందుల్లో తేరుకున్నట్టే తేరుకుని రెండు మూడు రోజులకి మెడ నిలపలేకపోవడం ఉంటుందని చదివింది. చదవడం వేరు, అది వస్తుందేమోనని పక్కన కూర్చుని కాపలా కాయడం వేరు. దిండు మీంచి తల ఎత్తమని అడుగుతూ ఉంది. "ఎందుకే మాటిమాటికీ?" అని విసుక్కుంటూ ఎత్తాడు. మళ్లీ అడిగింది, ఎత్తాడు. ఆ తర్వాత ఒకసారి ఎత్తలేకపోయాడు. తనకే అర్థంకానట్టు ఆమె వైపు చూశాడు. ఆమె డాక్టరు కోసం వరండాలో పరిగెత్తింది. వెంటిలేటరు పెట్టారు.

అప్పటినుంచి గాజు తలుపు బయట బెంచీ మీద ఇద్దరూ. సత్యవేణి ఒకసారి అడిగింది, నిందలా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. "ఎలకలకి ఇలా అయినప్పుడు ఏం చేసేదానివి?"

"ఏమీ చెయ్యను వదినా. చూసి రాసుకుంటాను."

సత్యవేణి ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. దీనికంటే తిట్టినా బాగుండేది.

క్రిస్టినా గారు ఫోను చేసి ప్రార్థన చేస్తున్నానన్నారు. నాగదుర్గ థాంక్సండి అంది. తర్వాత ఆ పత్రికవాళ్లకి ఒక వివరణ పంపుదాం మేడమ్ అంది. "ఇప్పుడా? వైవా ముందు? కాస్త ఆగమ్మా" అన్నారావిడ. నాగదుర్గ తనే రాసి పంపింది. పత్రికవాళ్లు వెయ్యలేదు. ఎవరూ చావని వార్త అది. కాలేయాన్ని కాపాడినది నరాల్ని కాపాడలేదన్న సంగతి పెద్దక్షరాల్లో వెయ్యడానికి ఏముంటుంది?

అబ్బులు బతికాడు. యంత్రం తీసేశాక గొంతు బొంగురుపోయి, మొదట నీళ్లడిగాడు. తర్వాత చెల్లెల్ని పిలిచాడు.

"నీ పొడి లేకపోతే పోదును దుర్గా."

"అన్నయ్యా, నిన్ను బతికించింది అట్రోపిన్. ఆ మిషను."

"అవీ పనిచేశాయిలే" అన్నాడు, ఆమె మనసు కష్టపెట్టకూడదన్నట్టు. "లోపల నీది ఉండబట్టి అవి పనిచేశాయి. డాక్టరుగారు ఏవన్నారు? లివరు బ్రహ్మాండంగా ఉందన్నారు కదా."

నిజమే. లివరు బ్రహ్మాండంగానే ఉంది.

వార్డుకి మార్చాక గణేష్‌బాబు బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. నాగదుర్గ ఆ సమయానికి మందుల షాపులో ఉంది. డిశ్చార్జి అయి ఊరికి వెళ్తుంటే మొగల్తూరు సెంటర్లో కారు ఆగింది. షాపు ముందు కొత్త ఫ్లెక్సీ. వెంటిలేటరు మీంచి లేచివచ్చిన అబ్బులు బొటనవేలు పైకెత్తి నవ్వుతున్నాడు. ఆ వేలు ఎత్తడానికి అతను ఎంత కష్టపడ్డాడో ఫొటోలో తెలియదు. అతను చనిపోయి ఉంటే ఊరు భయపడేది. బతికాడు కనక పొడి నిజమైంది. ఆ నెలలో గణేష్‌బాబు మరో బస్తా తెప్పించాడు.

నాగదుర్గ షాపులోకి వెళ్లలేదు. వెళ్లి ఏమంటుంది?

వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, "ఈ పరిశోధన వల్ల సమాజానికి ప్రయోజనం ఏమిటమ్మా?" అని అడిగాడు. అందరినీ అడిగే ప్రశ్నే. అందరూ చెప్పే జవాబు కూడా ఒకటుంటుంది. "ఏమీ లేదండి. నష్టం జరిగింది" అంది. ఆయన వినయం అనుకుని మెచ్చుకున్నాడు. డాక్టరేటు ఇచ్చారు. ఊళ్లో బుల్లియ్య ఆమెని డాక్టరమ్మ అని పిలవడం మొదలుపెట్టాడు, సగం ఎగతాళిగా, సగం నిజంగా. పంటినొప్పికి పొడి పనిచేస్తుందా అని అడిగాడు.

అబ్బులుకి అరికాళ్లు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలియదు. పిడికిలి పూర్తిగా మూసుకోదు. నిండిన ట్యాంకు వీపుకెత్తితే మోకాళ్లు వంగిపోతాయి. ఇంట్లో మాత్రం కూర్చోడు. పొద్దున్నే ఒక కర్ర పట్టుకుని రాజుగారి ఇంటివైపు వెళ్తాడు, వచ్చేస్తాడు, మళ్లీ వెళ్తాడు. ఎందుకో సత్యవేణి చెబితే నాగదుర్గ స్వయంగా వెళ్లింది. రాజుగారు అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నారు.

"రామ్మా దుర్గా. అబ్బులు ఎలా ఉన్నాడు?"

"కాళ్లు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయండి. ఆ రోజు కొట్టిన ట్యాంకుల కూలి ఇప్పిస్తే అన్నయ్య ఇంక చేలోకి రాడండి. దాని కోసమే తిరుగుతున్నాడు."

"ఇవ్వనంటానా అమ్మా? చేలో ఒక చెక్క మిగిలిపోయింది, కొట్టకుండానే పడిపోయాడు. అది కూడా అయ్యాక కలిపి ఇచ్చేద్దామని."

"సార్వా కోసేశారు కదండి. ఇంకే చెక్క కొడతాడు?"

"దాళ్వా పంట ఉంది కదా." పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నట్టు ఉంది. "ఆ రోజు కారేసుకుని నేనే తీసుకెళ్లాను. సీట్లన్నీ పాడైపోతే మార్పించుకున్నాను. దానికి నేనేవన్నా అడిగానా చెప్పు?"

"లేదండి."

"మరదే. అబ్బులు మా ఇంటి మనిషి. మోయలేకపోతే గట్టు మీద కూర్చుని మందు కలిపి పెట్టమను, మిగతావాళ్లు కొడతారు. నీడలో పని. నువ్వు కూడా చదువుకున్నదానివి, ఇంత చిన్నదానికి రావాలా?"

మందు కలపడం అంటే నీళ్లు కలవని చిక్కటి మందు డబ్బాలోంచి ఒంపడం. చేతికి అంటితే కొట్టేటప్పటి తుంపరకంటే అది ఎన్నో రెట్లు విషం. నాగదుర్గ అక్కడ అరుగు దగ్గరే నిలబడి ఆ మాట చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు. "అందుకేగా పొడి ఇచ్చేది" అన్నారు.

ఇంటికొచ్చి అన్న కాళ్ల దగ్గర కూర్చుంది. ఉద్యోగం దొరికి జీతం రాగానే ఇంటికి పంపుతానంది. కావాలంటే ఆ కూలి తనే ఇస్తానంది. "నీ డబ్బెందుకే? నేను కొట్టినదానికి నాకు రావాలి" అన్నాడతను. వద్దని ఏడ్చింది. చేతులకి తొడుక్కోమని తెచ్చిన రబ్బరు తొడుగులు ఇచ్చింది. వేళ్లు మొద్దుబారి ఉండటం వల్ల అవి తొడుక్కుంటే డబ్బా మూత తియ్యలేకపోతున్నాడు. చేలోకి వెళ్లాక వాటిని విప్పి గట్టు మీద పెట్టేశాడు.

దాళ్వా నాట్లు అయ్యాయి. మొదటి మందు పడింది. అబ్బులు రాజుగారి గట్టు మీద కూర్చుని, ఉత్తచేతులతో కలిపి, కర్రతో తిప్పి, బుల్లియ్యవాళ్ల ట్యాంకులు నింపుతున్నాడు. పొద్దున్నే మజ్జిగలో పొడి తాగి వెళ్తాడు. సార్వాలో అతను కొట్టిన ట్యాంకుల కూలి రాజుగారు ఇంకా ఇవ్వలేదు.